స్టాక్, హీప్ అనే మాటలు తర్వాత, ముందు అడ్రస్ చూపించండి

బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్న మీ చెల్లెలు లూపులు, ఫంక్షన్లు బాగానే రాస్తోందనీ, పాయింటర్ల (వేరొకదాని అడ్రస్‌ను దాచుకునే వేరియబుల్స్) దగ్గర ఆగిపోయిందనీ, మెమరీ గురించి ఇప్పుడే చెబితే ఇంకా గందరగోళపడుతుందేమోననీ రాశారు. ఇప్పుడే చెప్పండి. నేను అమీర్‌పేటలో సి, పైథాన్ బ్యాచ్‌లకు పాఠాలు చెబుతాను. జిల్లాల నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలే ఎక్కువ. "సార్, పాయింటర్లు ఎక్కట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి, వేరియబుల్ మెమరీలో ఒకచోట ఉంటుందనీ, ఆ చోటికో నంబరు ఉంటుందనీ ఎవరూ కళ్లకు కట్టినట్టు చూపించి ఉండరు.

అందుకే మొదటి రోజు నిర్వచనాల జోలికి పోను. నాలుగు ఇంట్‌లు (పూర్ణాంకాలు) వరుసగా ఉన్న అరే ఒకటి పెట్టించి, ఒక్కో ఎలిమెంట్ అడ్రస్‌ను పర్సెంట్ పి (%p, అడ్రస్ ప్రింట్ చేసే గుర్తు) తో ప్రింట్ చేయిస్తాను. ఒక్కో అడ్రస్‌కూ మధ్య తేడా నాలుగు వస్తుంది, ఒక్కో ఇంట్ నాలుగు బైట్లు కాబట్టి. క్యార్ (అక్షరాల) అరే అయితే ఒకటి, డబుల్ (దశాంశ సంఖ్యల) అరే అయితే ఎనిమిది. రన్ చేసే ముందే ఎంత వస్తుందో ఊహించి కాగితం మీద రాయమనండి, అది ముఖ్యం. రెండోసారి రన్ చేస్తే అడ్రస్‌లు మారిపోయి కంగారు పడతారు. దాడి చేసేవాళ్లు ఏది ఎక్కడుందో ముందే పసిగట్టకుండా ఆపరేటింగ్ సిస్టమ్ కావాలనే అలా మారుస్తుందని చెప్పండి. తేడాలు మాత్రం అవే ఉన్నాయని వాళ్లే గమనిస్తారు.

తర్వాత స్వాప్ ఫంక్షన్. రెండు అంకెలు పంపితే లోపల తారుమారవుతాయి, మెయిన్‌లోకి వచ్చి చూస్తే ఎక్కడివక్కడే ఉంటాయి. ఇక్కడ తొందరపడి జవాబు చెప్పేయకండి. మెయిన్‌కు ఒక గడి, స్వాప్‌కు ఒక గడి గీయించి, రెండుచోట్లా వేరియబుల్స్ అడ్రస్‌లు ప్రింట్ చేసి పక్కన రాయించండి. రాస్తూ రాస్తూ పెన్ను ఆపి "సార్, ఇవి రెండూ వేరు కదా!" అంటారు. విలువలకు బదులు అడ్రస్‌లు పంపాలనీ, పాయింటర్ అవసరం అదేననీ ఆ క్షణంలోనే తెలుస్తుంది. అసలు సి మనకెందుకు అడ్రస్‌లు చూపిస్తుందని అడిగితే కూడా చెప్పండి: 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషను తయారుచేసి, దానితో యూనిక్స్‌నే తిరగరాశారు. అడ్రస్‌లు చేతికి అందకుండా ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం కుదరదు.

స్టాక్, హీప్ సంగతికి ఒక క్రాష్ చాలు. ఫంక్షన్ లోపల 50 లక్షల ఇంట్‌ల అరే డిక్లేర్ చేయించి, లూప్‌తో సున్నాలు నింపమనండి. ఒక్కోటి నాలుగు బైట్లు, మొత్తం రెండు కోట్ల బైట్లు, అంటే దాదాపు 19 ఎంబీ. లినక్స్‌లో స్టాక్‌కు, అంటే ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే చోటుకు, మామూలుగా ఇచ్చేది 8 ఎంబీ. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి పడుతుంది. టెర్మినల్‌లో యూలిమిట్ కమాండ్‌తో ఆ హద్దు ఎంతో చూపించండి. అదే అరేకు చోటును మ్యాలక్‌తో (మెమరీ అడిగి తెచ్చుకునే ఫంక్షన్) తెచ్చుకుంటే ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది. మొదటి చోటు స్టాక్, మ్యాలక్ ఇచ్చిన చోటు హీప్ అని ఆ రెండు పేర్లూ అప్పుడు చెప్పండి, ఇక మరిచిపోరు. హీప్ నుంచి తెచ్చుకున్నది ఫంక్షన్ ముగిసినా అలాగే ఉంటుందనీ, పనయ్యాక ఫ్రీ చేసే (తిరిగిచ్చేసే) బాధ్యత మనదేననీ అక్కడే కలపండి. గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని భాషే తిరిగి తీసుకోవడం) లాంటివి ఇప్పుడొద్దు.

పైథాన్ కూడా నేర్చుకుంటుంటే, "వేరియబుల్ అంటే డబ్బా" అని మాత్రం చెప్పకండి. ఎ = [1, 2] అని రాసి, బి = ఎ అని పెట్టి, బి కి 3 అపెండ్ చేస్తే, ఎ లో కూడా 3 కనిపిస్తుంది. రెండు డబ్బాలు ఊహించుకున్న పిల్లలకు ఇది అసలు అంతుపట్టదు. పేర్లు ఒకవైపు, లిస్టు మరోవైపు రాసి, రెండు పేర్ల నుంచీ ఆ ఒక్క లిస్టుకే బాణాలు గీయించండి. ఐడీ ఫంక్షన్‌తో సరిచూస్తే రెండింటికీ ఒకే నంబరు వస్తుంది. పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సైట్ ఈ బొమ్మలన్నీ తనే గీసి చూపిస్తుంది, సి కోడ్‌కు కూడా. కానీ ముందు చేత్తో గీశాకే అది తెరవనివ్వండి.

మ్యాలక్ మొదలుపెట్టిన రోజు నుంచీ జీసీసీ అనే సి కంపైలర్‌లో, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌ను ఆన్ చేసి కంపైల్ చేయడం అలవాటు చేయించండి, డీబగ్ ఆప్షన్ కూడా కలిపి. అరే చివర దాటి రాసినా, ఫ్రీ చేసిన మెమరీని ముట్టుకున్నా ఏ లైన్‌లో జరిగిందో అది చెబుతుంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటే పై ప్రయోగాలన్నీ అందులోనే చేసుకోవచ్చు.