జెన్నిఫర్ అనే పేరుకు అర్థం ఏమిటి? అది ఎక్కడిది?

ఆర్థర్ రాజు కథల్లోని రాణి గ్వినివీర్ పేరే ఇది. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉండే కార్న్‌వాల్ వాళ్ల నోట్లో అలా మారింది. మూలం వెల్ష్ భాషలోని ‘గ్వెన్‌హ్వివర్’. అందులో ‘గ్వెన్’ అంటే తెలుపు, చక్కదనం. రెండో సగం మీదే పేచీ: కొందరు ‘నునుపైన’ అంటారు, కొందరు ‘నీడలాంటి రూపం’ అంటారు. రెండోదే నిజమైతే అర్థం దాదాపు ‘తెల్ల దయ్యం’! పాపకు ఈ పేరు పెట్టేవాళ్లు మొదటి అర్థమే చెప్పుకుంటే మంచిది.

చాలాకాలం ఇది కార్న్‌వాల్ దాటలేదు. 1906లో బెర్నార్డ్ షా ‘ది డాక్టర్స్ డిలెమా’ నాటకంలో నాయికకు ఈ పేరు పెట్టాక బయటివాళ్లకూ తెలిసింది.

అమెరికాలో 1970 నుంచి 1984 వరకు, వరసగా 15 ఏళ్లు, ఆడపిల్లల పేర్లలో ఇదే నంబర్ వన్. నాయిక పేరు జెన్నిఫర్ అయిన ‘లవ్ స్టోరీ’ అనే హాలీవుడ్ సినిమా వల్లే అని చాలామంది అంటారు కానీ నాకు లెక్క కుదరలేదు. సినిమా వచ్చింది 1970 డిసెంబర్‌లో, పేరేమో ఆ ఏడాది పట్టికలోనే మొదటి స్థానంలో ఉంది. ఇప్పుడు అక్కడ పుట్టే పిల్లల్లో ఇది మొదటి వంద పేర్లలో కూడా లేదు.

‘జెన్నీ’ మాత్రం పాత పేరే. ఒకప్పుడు జేన్, జానెట్‌లను ముద్దుగా అలా పిలిచేవాళ్లు.