బోరేజ్ పంట కోసం నాన్నగారి ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. చిన్న కిరాణా కొట్టు ఉంది. పొట్టంగి వైపు నాలుగెకరాల మెట్టలో చోళ్లు, వలిసెలు వేస్తాం. ఏమీ మిగలడం లేదు. ఈమధ్య ఒక కంపెనీవాళ్లు వచ్చి బోరేజ్ అనే విదేశీ నూనెగింజల పంట వేయమన్నారు. ఎకరానికి 90 వేలు కడితే విత్తనం, ఎరువుల కిట్, శిక్షణ వాళ్లే ఇస్తారట. ఎకరానికి 8 క్వింటాళ్లు పండుతుందని, కిలో 350 రూపాయలకు తామే కొంటామని చెప్పారు. పక్కనున్న ఆదివాసీ రైతువి ఇంకో రెండెకరాలు కౌలుకు తీసుకుని మొత్తం ఆరెకరాల్లో వేద్దామని ఉంది. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 12 లక్షలు ఎఫ్‌డీల్లో ఉంది. నెలనెలా వచ్చే వడ్డీతోనే అమ్మానాన్నలకు గడుస్తుంది. అందులోంచి 6 లక్షలు తీయొచ్చా? బుకింగ్ కింద 10 వేలు ఇచ్చేశాను.

జవాబు: తీయకండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో మీరు ఈ మాట నాన్నగారికి కూడా చెప్పాల్సి ఉంటుంది.

బోరేజ్ అనే పంట నిజంగానే ఉంది. మధ్యధరా ప్రాంతపు మొక్క, నీలం రంగు నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది. ఇంగ్లండ్‌లో గోధుమకు, ఆవాలజాతి పంటలకు మధ్య మార్పిడిగా కొందరు రైతులు వేస్తారు. గింజలో సుమారు 30 శాతం నూనె, ఆ నూనెలో 20 నుంచి 24 శాతం గామా లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటాయి. ఇదే ఆమ్లం కోసం వాడే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనెలో అది 8 నుంచి 10 శాతమే. అందుకే మందుల షాపుల్లో క్యాప్సూళ్లుగా అమ్మే ఈ నూనెకు అంత ధర. కంపెనీవాళ్లు ఇంతవరకు చెప్పింది అబద్ధం కాదు.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో ‘ఇండియన్ బోరేజ్’ అని వెతికితే మన పెరట్లో ఉండే వామాకు మొక్క కనిపిస్తుంది. బజ్జీలు వేసుకునే ఆకు, అది వేరే మొక్క. మీకు ఇస్తామన్నది గింజో, నారో అడిగారా? నారు ఇస్తామంటే ముందు ఒక ఆకు నలిపి వాసన చూడండి. వాము వాసన వస్తే అక్కడితో మాట ఆపేయవచ్చు.

ఇక దిగుబడి. ఇక్కడే మీ లెక్క తప్పింది. దశాబ్దాలుగా ఈ పంట వేస్తున్న ఇంగ్లండ్ రైతులకు, యంత్రాలన్నీ చేతిలో ఉండి కూడా, ఫరవాలేదనిపించే ఏడాది హెక్టారుకు 400 నుంచి 500 కిలోలు వస్తాయి. అంటే ఎకరానికి 160 నుంచి 200 కిలోలు. మీకు చెప్పిన 8 క్వింటాళ్లు దానికి నాలుగైదు రెట్లు.

ఎందుకంత తక్కువ అంటే, ఈ మొక్క ఒకేసారి పండదు. కింద గింజ నల్లబడి రాలిపోతుంటే పైన ఇంకా పూలు పూస్తూనే ఉంటాయి. ఒక్కో పువ్వుకు నాలుగే గింజలు, అవి ముదరగానే నేలపాలు. త్వరపడి కోస్తే సగం గింజ పచ్చిది, ఆగితే సగం గింజ మట్టిలో. అక్కడివాళ్లు మొదటి గింజలు రాలడం కనబడగానే మొక్కను కోసి వరుసలుగా పడేస్తారు. కాడలు బాగా నీరుపట్టినవి కాబట్టి రోజుల తరబడి ఎండనిచ్చి, ఆ తర్వాత కంబైన్‌తో వరుసలు ఎత్తించి నూరుస్తారు. ఆ రోజుల్లో వాన పడిందా, పంట పోయినట్టే. మీ దగ్గర కోత చేతితోనే. ఆకు, కాడ నిండా ముళ్లలాంటి నూగు. ఒకసారి కోసిన కూలీలు రెండోరోజు రావడానికి ఎంత అడుగుతారో మీరే ఊహించండి. కింద టార్పాలిన్ పరచకుండా కోస్తే గింజ దక్కదు. దక్కినదాన్ని తేమ 10 శాతం లోపుకు దిగేదాకా ఆరబెట్టాలి, లేకపోతే నూనె పాడవుతుంది.

ఇప్పుడు మీ లెక్కలో 8 క్వింటాళ్లు తీసేసి 160-200 కిలోలు పెట్టండి. వాళ్లు చెప్పిన 350 ధరకే ఎకరానికి వచ్చేది 56 వేల నుంచి 70 వేలు. కట్టేది 90 వేలు. దుక్కి, కూలి కలపకముందే ఎకరానికి 20 నుంచి 34 వేలు పోతాయి. ఆరెకరాలకు లక్షా 20 వేల నుంచి రెండు లక్షల పైన. ఇది ఇంగ్లండ్ రైతుకు వచ్చినంత మీకు మొదటి ఏడాదే వస్తేనే సుమా.

ఎకరానికి పట్టే విత్తనం 6 నుంచి 8 కిలోలు. దానికి 90 వేలు తీసుకునేవాళ్లకు లాభం విత్తనం అమ్మిన రోజే వచ్చేసింది. తర్వాత మీ గింజ కొన్నా కొనకపోయినా వాళ్లకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. మా మేనమామ ఈము పక్షులు పెంచినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. పిల్లల్ని అమ్మినవాళ్లే పెద్దయ్యాక కొంటామన్నారు. కొనే రోజు వచ్చేసరికి ఆఫీసుకు తాళం. ఆ పక్షులకు మేత కొనలేక ఆయన పడిన అవస్థ చూశాక, అమ్మేవాడూ కొనేవాడూ ఒక్కడే అయిన వ్యాపారంలో నా క్లయింట్ల డబ్బు పెట్టనివ్వను.

వలిసెలైతే సంతలో కొనకపోతే సాలూరులో కొంటారు, లేకపోతే గానుగ ఆడించుకుని ఇంట్లో వాడుకుంటారు. బోరేజ్ గింజను ఆ కంపెనీ ‘తేమ ఎక్కువ’, ‘ఆమ్లం శాతం తక్కువ’ అని తిప్పికొడితే సెమిలిగుడలో దాన్ని అడిగే మనిషి ఉండడు. ఆకు కూర వండుకోవచ్చని ఎవరైనా చెబితే ఆ పని మాత్రం చేయకండి. ఈ మొక్కలో కాలేయానికి హానిచేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. నూనె తీసి శుద్ధి చేసేటప్పుడు వాటిని తొలగిస్తారు.

అప్పు, బీమా వైపు నుంచి కూడా అండ లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఏ పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. ఫసల్ బీమా నోటిఫై చేసిన పంటలకే వస్తుంది. ఎవరూ వేయని పంట ఈ రెండు జాబితాల్లోనూ ఉండదు.

కౌలు సంగతి అన్నిటికంటే ముందు ఆపండి. కోరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. మీరు గిరిజనులు కాకపోతే, ఆదివాసీ భూమిని కౌలుకు తీసుకోవడం కూడా ఆదివాసీ భూముల బదలాయింపు మీద ఒడిశాలో ఉన్న 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం బదలాయింపు కిందికే వస్తుంది. మాట మీద రాసుకున్న కాగితం చెల్లదు. పైగా కేసు మీ మీదికి వస్తుంది.

మీ మొదటి బాధ మాత్రం న్యాయమైనదే. 2025-26కి వలిసెల మద్దతు ధర క్వింటాకు 9,537 రూపాయలు, చోళ్లకు 4,886. ఎకరానికి క్వింటాన్నర వలిసెలు వస్తే 14 వేల పైచిలుకు. దాంతో ఇల్లు గడవదు, ఒప్పుకుంటాను. కానీ వలిసెలు తేనెటీగల మీద ఆధారపడే పంట. పూత సమయంలో చేలో నాలుగు తేనె పెట్టెలు పెడితే గింజ బాగా కడుతుంది, తేనె కూడా చేతికొస్తుంది. ఉద్యాన శాఖ ఆఫీసులో పెట్టెలకు సబ్సిడీ ఉందేమో అడగండి. నాలుగెకరాలకు ఇది పెద్ద ఖర్చు కాదు, కొట్టు ఆదాయంలోంచే అవుతుంది.

బోరేజ్ మీద మనసు చావకపోతే, వేయండి. కాకపోతే అయిదు సెంట్లలో. మీ పొట్టంగి చలికాలం దానికి సరిపోవచ్చు. చోళ్లు కోశాక వేసేందుకు 300-400 గ్రాముల గింజ చాలు. అదీ ఆ కంపెనీ కిట్ కాకుండా విడిగా కొనండి. చేతికొచ్చిన కిలోలను 20తో గుణిస్తే మీ ఎకరా దిగుబడి తెలుస్తుంది. ఆ సంఖ్య పట్టుకుని వచ్చే ఏడాది వాళ్లతో మాట్లాడండి. విత్తనానికి ముందు డబ్బు అడగకుండా, పంట ఎత్తేటప్పుడు లెక్క చూసుకుంటామని వాళ్లే అంటే అప్పుడు ఆలోచిద్దాం.

నాన్నగారి 12 లక్షల సంగతి. అందులో 6 లక్షలు తీస్తే 7 శాతం లెక్కన నెలకు 3,500 వడ్డీ ఆగిపోతుంది. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీలో కోత వేరే. ఆయనకు 60 దాటితే, ఎఫ్‌డీలు ఒక్కొక్కటీ గడువు తీరినప్పుడల్లా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకు మార్చండి. ఇది రాసే సమయానికి వడ్డీ 8.2 శాతం, చేరిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. 9 లక్షలు అందులో వేస్తే మూడు నెలలకోసారి 18,450 వస్తాయి. మిగిలిన 3 లక్షలు ఆసుపత్రి ఖర్చులకని ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.

కట్టిన 10 వేలకు రసీదు ఉందా? ఉంటే ఈ వారంలోనే బుకింగ్ రద్దు చేసుకుంటున్నానని, డబ్బు 15 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని స్పీడ్ పోస్టులో రాయండి. వాట్సాప్‌లో కూడా అదే లేఖ ఫొటో పంపి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అంత చిన్న మొత్తానికి ఫీజు ఉండదు. ఒప్పంద పత్రం మీద సంతకం అడగడానికి మళ్లీ వస్తే, నాన్నగారు కొట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం మాట్లాడనివ్వకండి.