పద్ధతి జారిపోకుండా

చిరంజీవి లలితకు,
ఆశీస్సులు.

విశాఖలో ఆరిలోవ, జాలారిపేటల్లో కార్యకర్తల చేత ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ మొదలుపెట్టిస్తున్నావట, సంతోషం. మనసు కుంగినవాళ్లకు, డాక్టర్లు కాని మామూలు మనుషులే శిక్షణ పొంది సాయపడే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి కదా అది. శిక్షణ గురించి నాకు బెంగ లేదు. ఆ తర్వాతే చిక్కంతా. పద్ధతి కాస్త కాస్తగా జారిపోయి, చివరికి పేరు ఒక్కటే మిగులుతుంది.

వారానికొకటి చొప్పున 5 సెషన్లు, ఒక్కోటి గంటన్నర. నెమ్మదిగా ఊపిరి తీయడం, సమస్యను విడగొట్టుకోవడం, మానేసిన పనుల్ని చిన్న ముక్కలుగా మళ్లీ అందుకోవడం, అండగా నిలిచే మనుషుల్ని కూడగట్టుకోవడం, చివరిది పునశ్చరణ. ఇందులో ముందుగా ఎగిరిపోయేది ఇంటి దగ్గర చేసిన సాధన గురించి అడగడం. సాయం కోసం వచ్చే ఆవిడ ఏడుస్తూ వస్తుంది, గోడు వినేసరికి గంట గడిచిపోతుంది, ఇక "సర్దుకుపో తల్లీ" అనే సలహాతో ముగుస్తుంది. ఇక్కడ సలహా ఇవ్వకూడదు. దారి ఆమె నోటి నుంచే రావాలి, ఎందుకంటే రేపు వచ్చే సమస్యకు మనం పక్కన ఉండం.

సెషన్‌లో చేయాల్సినవన్నీ చేశారా అని చూసే చెక్‌లిస్టు కార్యకర్త చేతే నింపిస్తే అన్నీ టిక్కులే. అబద్ధమాడరమ్మా, చేశామనే నమ్ముతారు. అందుకే రికార్డింగు వినాలి. రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే రికార్డు చేయించు. ఏది వినాలో నువ్వే చీటీ తీయి. వాళ్లకు వదిలేస్తే బాగా కుదిరిందే తెస్తారు. నువ్వూ మరొకరూ విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన చోట కలిసి మళ్లీ వినండి. చేశారా లేదా అన్నదానికి ఒక మార్కు, ఎంత నేర్పుగా చేశారన్నదానికి వేరే మార్కు. కలిపేశావో, కాగితం చూసి గడగడా చదివేసిన సెషన్‌కీ నిండు మార్కులొస్తాయి. ఆ మార్కుల్ని జీతాలకు మాత్రం ముడిపెట్టకు, తప్పులు దాచేస్తారు.

ఊపిరిని అలతో పోల్చినా, ఉదాహరణలు చేపల బేరం నుంచి తెచ్చినా తప్పులేదు. క్రమం, నిడివి, సాధన ముట్టుకోవద్దు. ఏది మార్చినా తేదీ వేసి రాసిపెట్టు. లేకపోతే, ఫలితం రానప్పుడు లోపం పద్ధతిదో మన చేతిదో తేలదు.

సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులూ మగవాళ్లు ఒడ్డునే ఉంటారు, వాళ్ల సెషన్లు అప్పుడే పెట్టు. ఆడవాళ్లకు మాత్రం ఇంట్లో ఏకాంతం దొరకదు, వేరే గది ముందే చూసుకో.

ఎవరైనా చచ్చిపోవాలనుందంటే ఆ రోజు సెషన్ పక్కన పెట్టి, వాళ్లను ఒంటరిగా వదలకుండా చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 అందరి ఫోన్లలోనూ ఉండాలి. సెషన్ ఆపినందుకు మార్కులు కోయొద్దు.

ఇట్లు,
పెద్దమ్మ