రాయి, ఖనిజం రెండూ ఒకటేనా? పిల్లలకు ఎలా చెప్పాలి?

ఒకటి కావు, ఖనిజాల రేణువులు కలిసి గట్టిపడితే రాయి అవుతుంది. ఖనిజం సహజంగా ఏర్పడిన ఘనపదార్థం. దానికి నిర్దిష్టమైన రసాయన కూర్పు, లోపల పరమాణువుల క్రమమైన అమరిక ఉంటాయి. రాయికి అలా ఒకే ఫార్ములా ఉండదు.

గులాబీ రంగు గ్రానైట్ ముక్కను భూతద్దంతో చూపించండి, పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం లేదు. గాజు పెంకుల్లా మసకగా మెరిసేవి క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. గులాబీ గింజలు ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనే సన్నని రేకులు అభ్రకం. ఒక్క రాయిలో మూడు ఖనిజాలు! సున్నపురాయిలో మాత్రం ఎక్కువ భాగం కాల్సైట్ ఒక్కటే.

గట్టిగా ఉంటేనే ఖనిజమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గోటితో గీరితే గీత పడే టాల్క్ కూడా ఖనిజమే.