నేను తీసుకోని లోన్ నా పేరు మీద ఉంది, కట్టేయాలా?

ప్రశ్న: హోమ్ లోన్‌కి అప్లై చేస్తే, ఏదో లోన్ యాప్‌లో నా పేరు మీద 18,000 రూపాయల అప్పు మూడు నెలలుగా బాకీ ఉందని బ్యాంకు వాళ్లు చెప్పారు. నేను ఏ యాప్‌లోనూ అప్పు తీసుకోలేదు. ‘చిన్న మొత్తమే కదా, కట్టేసి వదిలించుకోండి’ అంటున్నాడు ఏజెంట్. మా వారిదీ అదే మాట. ఏం చేయమంటారు? మళ్లీ ఇలా జరగకుండా ఎలా చూసుకోవాలి? - ఒక పాఠకురాలు

జవాబు: కట్టకండి. ఒక్క కిస్తీ కట్టినా ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు వాళ్లు వాదించడానికి వీలు దొరుకుతుంది. ‘తగ్గించి సెటిల్ చేస్తాం’ అనే ఆఫర్ ఇంకా ప్రమాదం. మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే, పూర్తిగా కట్టలేక రాజీపడ్డారని రేపు హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు అనుకుంటుంది. మీరు చేయని తప్పు మీ ఖాతాలో పడుతుంది.

ముందు మీ క్రెడిట్ రిపోర్ట్ మీరే తెప్పించుకోండి. మన దేశంలో ఇవి ఇచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో బయటపడవచ్చు. చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. మీరు మాత్రం వ్యక్తిగత వివరాల దగ్గరున్న ఫోన్ నంబర్లు, చిరునామాలు ఒక్కొక్కటే చదవండి. మీది కాని నంబర్ కనిపిస్తే, మీ పాన్ వాడినవాడు దరఖాస్తులో ఇచ్చింది అదే కావచ్చు. ఆ తర్వాత ‘ఎంక్వైరీలు’ అనే భాగం. అప్పు కోసం మీ రిపోర్టును ఏ సంస్థ ఏ తేదీన చూసిందో అక్కడ ఉంటుంది. మీరు గడప తొక్కని సంస్థలు వరసగా కనిపిస్తే, మీ పేరుతో ఇంకా చాలాచోట్ల ప్రయత్నించారన్నమాట. వాటికీ వెంటనే రాయాలి.

ఇక అప్పు ఇచ్చిన సంస్థ సంగతి. యాప్ పేరు వేరు, దాని వెనక డబ్బు ఇచ్చిన బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరు వేరు. సాధారణంగా రిపోర్టులో కనిపించేది రెండోదే. దాని వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలు ఉంటాయి. ఫోన్‌లో వాదన పెట్టుకోకుండా మెయిల్ రాయండి: ‘ఈ లోన్ నేను తీసుకోలేదు. ఒప్పంద పత్రం, కేవైసీకి వాడిన ఫొటో, డాక్యుమెంట్లు, ఓటీపీ వెళ్లిన నంబర్, డబ్బు జమ అయిన ఖాతా వివరాలు ఇవ్వండి.’ చివర అడిగిందే ఈ వ్యవహారానికి ఆయువుపట్టు. కొన్ని మినహాయింపులు తప్ప, డిజిటల్ లోన్ డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే నియమం పెట్టింది. అది మీ ఖాతా కాకపోతే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. లోన్ ఇచ్చిన తేదీకి అటూ ఇటూ నెల రోజుల మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయండి.

అదే రోజు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబర్ కూడా మెయిల్‌లో రాయండి. ఫోన్‌లో అయితే 1930. పోలీస్ స్టేషన్‌లో ‘ఇది మీకూ యాప్‌కీ మధ్య గొడవ’ అంటే వెనక్కి రావద్దు. ఇంకొకరి గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

క్రెడిట్ రిపోర్టులిచ్చే ఆ సంస్థల వెబ్‌సైట్లలో ‘డిస్ప్యూట్’ (ఈ వివరం తప్పు అనే అభ్యంతరం) కూడా వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పు ఇచ్చిన సంస్థ 30 రోజులైనా పలకకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఫీజు ఉండదు. ఈలోగా రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. చేస్తే ఆ కాల్ వివరాలు దాచండి.

ఇకపై జాగ్రత్తలంటారా, పాన్ నంబర్ ఇప్పటికే ఎన్నోచోట్ల ఇచ్చేశాం, దాన్ని వెనక్కి తీసుకోలేం. కాబట్టి మోసాన్ని త్వరగా పసిగట్టడమే ముఖ్యం. వచ్చే ఏడాది నుంచి ఆ నాలుగు ఉచిత రిపోర్టులను మూడు నెలలకొకటి చొప్పున తీయండి. క్రెడిట్ సంస్థల దగ్గర మీ ఇప్పటి ఫోన్ నంబర్, మెయిల్ ఉండేలా చూడండి, మీ రిపోర్ట్‌ను ఎవరైనా చూసినప్పుడు అలర్ట్ వస్తుంది. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి, ఆధార్‌లోని మీ వేలిముద్రలు ఇంకొకరు వాడకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసి, తెలియనివి ఉంటే అక్కడే రిపోర్ట్ చేయండి.

హోమ్ లోన్ విషయంలో టెన్షన్ పడి వేరే బ్యాంకుల్లో వరసగా అప్లై చేయకండి, ప్రతి దరఖాస్తూ ఇంకో ఎంక్వైరీగా నమోదై స్కోరు తగ్గవచ్చు. ఇప్పుడున్న బ్యాంకు మేనేజర్‌కే ఫిర్యాదు కాపీలు, డిస్ప్యూట్ నంబర్ ఇచ్చి, రిపోర్ట్ సరయ్యేదాకా ఫైల్‌ను తిరస్కరించకుండా పెండింగ్‌లో ఉంచమని రాతపూర్వకంగా అడగండి.