బుట్టపిడి సాధన కత్తి ఇంట్లో చేయడం: ముందు మెటికలు కొలవండి, తర్వాతే కర్ర కొనండి

మీ ప్రశ్న ఇదీ: బుట్టపిడి సాధన కత్తి కోసం, అంటే పిడి దగ్గర చేతిని కాపాడే బుట్ట ఉన్న ఆట కత్తి కోసం, ముప్పావు అంగుళం పీవీసీ పైపుకి ఏసీ గొట్టాల నల్ల ఫోమ్ తొడిగారు, స్నానాల మగ్గు కోసి పిడికి బుట్టలా బిగించారు. నాలుగు దెబ్బలకే మగ్గు చీలి మెటికల మీద తగిలింది. గుంటూరు, విజయవాడల్లో దొరికే సామానుతోనే నిలబడేది ఎలా చేయాలి?

మగ్గు చీలకుండా నిలిచినా మీ వేళ్లకి తగిలేదే. అందులో చెయ్యి ఇరుక్కుని ఉంది, మెటికలు గోడకి ఆనుకుని ఉన్నాయి. బుట్ట ఎంత గట్టిదైనా వేలికి ఆనుకుంటే దెబ్బ నేరుగా వేలికే దిగుతుంది. కాపాడేది బుట్టకీ వేలికీ మధ్య ఉన్న ఖాళీ. దెబ్బకి బుట్ట కొంచెం లోపలికి వంగుతుంది, ఆ వంపుకి చోటుండాలి. అందుకే సామాను కొనకముందే కొలతలు తీసుకోవాలి.

ఆడేటప్పుడు వేసుకునే గ్లవ్‌తోనే కర్ర పట్టుకోండి. పిడికిలి అడ్డం ఎంత వచ్చిందో దానికి 2 సెం.మీ. కలపండి. మామూలు చేతికి అది 12 సెం.మీ. దగ్గర తేలుతుంది, పిడి లోపలి పొడవు అదే. తర్వాత కర్ర నడిమి నుంచి గ్లవ్ పైనున్న మెటికల దాకా కొలిచి, దానికి 20 మి.మీ. కలపండి. బుట్ట ఊచలు అంత దూరంలో ఉండాలి. ఆ 20లో 8 లోపలి మెత్తకి పోతుంది, 12 ఖాళీగా మిగలాలి. చాలామందికి ఊచ కర్ర నడిమి నుంచి 8 సెం.మీ. దూరం వస్తుంది. చూడ్డానికి బొద్దుగా ఉంటుంది, ఉండనీండి.

కర్ర సంగతి. పీవీసీ వద్దు. అది విరిగితే కత్తి అంచుల్లాంటి పెచ్చులుగా విరుగుతుంది, డాబా మీద ఎండకి మగ్గినదైతే మరీను. కర్రసాముకి వాడే వెదురు మంచిదే, కానీ చీలితే నిలువునా చీలుతుంది, ఆ చీలిక ముసుగు జాలీలోంచి కంటి దాకా వెళ్లగలదు. కొండపల్లి పక్కనే ఉంది కదా అని పొణికి కర్ర అడిగేవాళ్లూ ఉంటారు. అది బొమ్మలకి, చెక్కుడుకి, ఒక్క దెబ్బకి ఆగదు. కావలసింది బెత్తం, అంటే కేన్ కుర్చీలు, ఊయలలు చేసేవాళ్ల దగ్గర దొరికే లావు బెత్తం. లోపలంతా సన్నని నార, బోలు ఉండదు. అరిగిపోయినప్పుడు చీపురులా విచ్చుకుంటుందే తప్ప పెచ్చు లేవదు.

28 మి.మీ. లావు, 96 సెం.మీ. పొడవు తీసుకోండి. పిడి 12, పిడి వెనక 3, మిగతా 81 అలుగు, అంటే దెబ్బ కొట్టే భాగం. ఇలాంటి ముక్క సుమారు 330 గ్రాములు తూగుతుంది. 250కి తక్కువైతే లోపల డొల్లగా ఉందని, తొందరగా మెత్తబడుతుందని అర్థం. పై తోలు ఒలిచేసిన బెత్తం వద్దు, బలమంతా ఆ తోలు దగ్గరి నారలోనే ఉంటుంది. సన్నటి చిల్లులు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టిందన్నమాట, వదిలేయండి. కొంచెం వంకర ఉంటే దిగులు లేదు. వంకరైన చోట హాట్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరం) చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, మోకాలికి ఆనించి వంకకి అవతలి వైపు కాస్త ఎక్కువగానే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. తోలు నల్లబడిందంటే వేడి ఎక్కువైంది.

ఇక బుట్ట. పంజాబు యుద్ధవిద్య గత్కాలో సోటి అనే కర్రకి అల్లిన బుట్ట ఉంటుంది. ఇంగ్లండువాళ్ల సింగిల్‌స్టిక్‌కీ అంతే, ఆ ఆట 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది. ఆ అల్లిక బుట్టలు వేలిలావు కర్రకి చాలు, 28 మి.మీ. బెత్తం దెబ్బకి చాలవు. ఇనుప ఎముకలు, ప్లాస్టిక్ తొడుగు కలిపితేనే నిలుస్తుంది.

ఎముకలకి 6 మి.మీ. సాదా గుండ్రటి ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ఊచ తీసుకోండి. కాంక్రీటులో వేసే గీతల టీఎంటీ కడ్డీ వద్దు, బిగువు వంపు దగ్గర సతాయిస్తుంది, గీతలు చేతికి గుచ్చుకుంటాయి. జింకు పూత ఉన్న ఊచ వెల్డింగ్‌కి పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం తగులుకుంటుంది. బరువు లెక్క ఏ సైటు మేస్త్రీనడిగినా చెబుతాడు: మందాన్ని మి.మీ.లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 36ని 162తో భాగిస్తే 0.222. మనకి 1.6 మీటర్లు పడుతుంది, అంటే 355 గ్రాములు. 8 మి.మీ. ఊచకి పోతే అదే బుట్ట 630 గ్రాములు దాటి మణికట్టుని చంపేస్తుంది.

విల్లులా వంచిన ఊచలు 4 కావాలి: మెటికల ఎదురుగా ఒకటి, అరచేతి వెనక వైపు రెండు, బొటనవేలి వైపు ఒకటి. ఒక్కోటి 31 సెం.మీ. ముక్క. రెండు చివరలా 3 సెం.మీ. నిటారు తోక వదలండి, అది కర్ర పొడవునా ఆనుకుని కూర్చునే భాగం. తోక కొసన మరో 5 మి.మీ. బయటికి మడవండి. ఈ చిన్న మడతే మొత్తం పనికి కీలకం. తర్వాత ఈ తోకల మీద హోస్ క్లిప్పు, అంటే గొట్టాలకి స్క్రూతో బిగించే ఇనుప పట్టీ, బిగిస్తాం. మడత లేకపోతే దెబ్బదెబ్బకీ ఊచ క్లిప్పు కిందనుంచి మిల్లీమీటరు చొప్పున జారి, ఒకరోజు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. వంచడానికి వైస్, ఒక అడుగు ఇనుప గొట్టం చాలు. ఊచని గొట్టంలో దూర్చి కొంచెం కొంచెంగా జరుపుతూ వంచండి, ఒకేచోట వంచితే అక్కడ మోచెయ్యిలా కోణం పడుతుంది.

నాలుగింటినీ కలుపుతూ నడుము దగ్గర ఒక అడ్డ ఊచ, 28 సెం.మీ. అతుకులు నాలుగే. అట్టముక్కలతో అసలు సైజు నమూనా చేసి, ఊచలు దానికి కేబుల్ టైలతో కట్టి, ఆటోనగర్‌లోనో మీ వీధి చివర గ్రిల్లుల షాపులోనో ఇవ్వండి. కత్తి పిడి అని చెబితే పది ప్రశ్నలు, నమూనా చూపిస్తే అయిదు నిమిషాల పని. అరచేతి లోపలి వైపు మాత్రం తెరిచే ఉంచాలి, చెయ్యి దూరేది అక్కడే. ఎడమచేతివాళ్లకి మొత్తం అద్దంలో బింబంలా తిరగేయాలి. ఇది వెల్డర్‌కి రెండుసార్లు చెప్పాల్సిన మాట.

అతుకులయ్యాక, బిగించకముందే, ఉత్త బుట్ట కర్రకి తాత్కాలికంగా కట్టి పైనుంచి కిందికి నరికినట్టు చెయ్యి చాపి చూడండి. ఊచల కింది వంపు మణికట్టు ఎముకకి తగులుతోందా? చాలామందికి తగులుతుంది. కింది తోకకి ముందున్న వంపుని సెంటీమీటరు బయటికి తెరిస్తే సరిపోతుంది. ఇప్పుడు సోమరితనం చేస్తే వారం తర్వాత మణికట్టు మీద నల్లగా కమిలిన దెబ్బ ఉంటుంది.

ఊచల మధ్య 8 సెం.మీ. సందులు మిగులుతాయి. అవతలివాడి కర్ర 28 మి.మీ., కాబట్టి నేరుగా లోపలికొస్తుంది. అందుకే తొడుగు. నీళ్లు పట్టే నీలం డ్రమ్ము ప్లాస్టిక్, 3 నుంచి 4 మి.మీ. మందం, పాత సామాను కొట్లలో పగిలిన డ్రమ్ములు దొరుకుతాయి. గుంటూరు చుట్టుపక్కల ఒక్క జాగ్రత్త: పురుగుమందో ఆసిడో పోసిన డ్రమ్ము ముక్క తేవొద్దు. వేడి చేసేది మీరు, పీల్చేదీ మీరే. 20 సెం.మీ. పొడవు, 14 వెడల్పు ముక్క కోసి, మూలలు గుండ్రం చేసి, ఆరుబయట హాట్ గన్‌తో తిప్పుతూ వేడి చేయండి. పైన మెరుపు తేలి, ముక్క చపాతీ పిండిలా వాలినప్పుడు బోర్లించిన స్టీలు చెంబు మీద పరిచి తడిగుడ్డతో అదమండి. రెండు నిమిషాలు వదలొద్దు. ఈ ప్లాస్టిక్‌కి పాత ఆకారం గుర్తుంటుంది, వేడి ఉండగా వదిలితే మళ్లీ తెరుచుకుంటుంది. చెంబు మీ బుట్ట కంటే కాస్త సన్నదైతే ఇంకా మంచిది, తెరుచుకున్నాక కొలతకి వస్తుంది.

దీన్ని ఊచలకి అంటించే ప్రయత్నం చేయకండి. అరాల్డైట్ అయినా, చెప్పుల సొల్యూషన్ అయినా ఈ ప్లాస్టిక్‌ని పట్టుకోదు, గోటితో పెచ్చులా లేస్తుంది. అంచు నుంచి 10 మి.మీ. లోపలికి 4 మి.మీ. రంధ్రాలు జతజతగా చేసి, నైలాన్ తాడుతో ఊచకి కుట్టండి. అంచుకి మరీ దగ్గరగా చేస్తే రంధ్రం నుంచి చీలుతుంది. ప్లాస్టిక్ ఊచలకి బయటి వైపు ఉండాలి, దెబ్బ ముందు దానికి తగిలి తర్వాత ఇనుముకి పంచుకోవాలి. లోపలి వైపు 8 మి.మీ. చెప్పుల షీటు ముక్క, అదీ కుట్టే. స్కాట్లండు బుట్టపిడి కత్తుల్లో లోపల తోలూ ఎర్రగుడ్డా కనిపించేది అందం కోసమేననుకుంటారు, ఇనుము మెటికల్ని ఒరుసుకోకుండా కూడా అది కావాలి.

బిగింపులో వరుస తప్పితే మళ్లీ మొదటికే. బుట్ట కట్టాక పిడి మీదికి ఏదీ తొడగలేరు. కాబట్టి ముందు పిడి. గుండ్రటి కర్ర చేతిలో తిరుగుతుంది, వాదర (కత్తి కోసే అంచు) ఎటుందో చేతికి తెలియదు, దెబ్బ బల్లపరుపుగా పడుతుంది. వాదర వైపొకటి, దాని వెనక వైపొకటి 3 మి.మీ. మందం తోలు పట్టీలు అంటించి, మీద క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్పు 12 సెం.మీ. కోసి తొడగండి. కొంచెం టాల్కమ్ పౌడరు చల్లితే ఎక్కుతుంది. అప్పుడు కర్ర అడ్డకోత కోడిగుడ్డులా, వాదర దిశలో పొడుగ్గా వస్తుంది. కళ్లు మూసుకుని పట్టుకున్నా వాదర తెలియాలి.

గ్రిప్పుకి ముందూ వెనకా పాత సైకిల్ ట్యూబు ఒక చుట్టు, దాని మీద తోకలు, తోకల మీద 32 నుంచి 50 మి.మీ. దాకా బిగిసే హోస్ క్లిప్పులు ముందు రెండు, వెనక ఒకటి. బుట్ట తిరగకుండా బోల్టు వేయాలనిపిస్తుంది. ముందు వైపు, అంటే అలుగు మొదలయ్యే చోట, కర్రకి రంధ్రం చేయొద్దు, దెబ్బ భారమంతా ఆ చోటే పడుతుంది, కర్ర అక్కడే విరుగుతుంది. వెనక కొసన 5 మి.మీ. బోల్టు వేసుకోవచ్చు, అక్కడ భారం లేదు. క్లిప్పు స్క్రూ తలలు అవతలివాడి వైపు చూడకుండా తిప్పి, మీద గుడ్డ టేపు మూడు చుట్లు వేయండి. మొదటి రోజు ఆట కాగానే క్లిప్పులు మళ్లీ బిగించండి. రబ్బరు, బెత్తం రెండూ నలిగి వదులవుతాయి. బుట్ట తిరిగిపోతోందనే ఫిర్యాదుల్లో చాలావరకు దీనివల్లే.

అలుగుకి ముందు పొడవునా దారాలున్న ఫిలమెంట్ టేపు నాలుగు పట్టీలు, మీద గుడ్డ టేపు చుట్టు. వాదర వెంట వేరే రంగు టేపు గీత ఒకటి వేస్తే దెబ్బ వాదరతో పడిందో పక్కతో పడిందో ఎదుటివాడు చెప్పగలడు.

ఇప్పుడు తూకం చూడండి. మొత్తం 850 గ్రాముల దగ్గర ఉంటుంది. వేలి మీద నిలబెడితే బుట్టకి ముందు 8, 9 సెం.మీ. దగ్గర ఆగాలి. మొనకి మెడికల్ షాపుల్లో దొరికే ఊతకర్ర రబ్బరు బుష్ తొడగాలి, కానీ అది 30 గ్రాములున్నా తూకం రెండున్నర సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. దాన్ని వెనక్కి తేవాలంటే పిడి కొసన దాదాపు 100 గ్రాములు కట్టాలి. కాబట్టి తేలికైన బుష్ వెతకడం తెలివైన పని. బుష్ లోపలి సైజుకి మొన చివరి 3 సెం.మీ. మాత్రం ఆకురాయితో సన్నం చేయండి.

బుష్ ఉంది కదా అని పొడవకండి. బెత్తం పోటుకి వంగదు, బరువంతా మొనలోంచి దిగుతుంది. ఇది నరికే ఆటకే. తలకి క్రికెట్ హెల్మెట్ పనికిరాదు: బంతి దూరకుండా చేసిన జాలీ అది, కర్ర మొన సులువుగా దూరుతుంది. ఫెన్సింగ్ మాస్కే ఉండాలి, దాని వెనక తలకి విడిగా మెత్త కట్టుకోవాలి.

మే నెలలో కారు డిక్కీలోనో రేకుల షెడ్డులోనో వదిలేస్తే టేపు జిగురు కరిగి అలుగంతా బంకబంకగా అవుతుంది, ఇంట్లో నిలబెట్టి ఉంచండి. ఆటకి ముందు అలుగు పైభాగం మూడో వంతుని బొటనవేలితో నొక్కి చూడండి, దెబ్బలన్నీ పడేది అక్కడే. మెత్తగా లోపలికి దిగితే టేపు కింద నార విచ్చుకుందన్నమాట. ఆ కర్ర తీసేసి బుట్టని కొత్త కర్రకి మార్చండి, మూడు క్లిప్పులు, ఒక బోల్టు విప్పడం, గ్రిప్పు మళ్లీ ఎక్కించడం, అరగంట పని.