అబ్బాయి వేటకి వెళ్తాడట, ఏ కుక్కపిల్ల కొనమంటారు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. కూర్మన్నపాలెంలో ఉంటున్నాం. మా అబ్బాయి అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం విచిటాలో ఇంజినీరు. హెచ్‌1బి మీద ఉన్నాడు. పోయిన ఏడాది ఆఫీసు స్నేహితులు పిట్టల వేటకి తీసుకెళ్లారు. అప్పట్నుంచి వాడికి అదే ధ్యాస. ఇప్పుడు సొంతంగా వేటకుక్క కావాలంటున్నాడు. తుపాకీ కొత్త, కుక్కకి నేర్పడం అంతకన్నా కొత్త. వాడేమో ఇంగ్లిష్ సెట్టర్ అందంగా ఉందంటాడు. కోడలు లాబ్రడార్ అంటుంది. స్నేహితులు జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ కొనమంటున్నారట. ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది. నేనూ మా ఆవిడా ఏటా వేసవిలో వెళ్లి ఆరు నెలలు అక్కడే ఉంటాం. ఏ జాతి మంచిది? ఇక్కడ విశాఖలోనే లాబ్ పిల్లని కొని మాతో తీసుకెళ్తే చవగ్గా పోతుందా?
– ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: ముందు ఆ చవక సంగతి తేల్చేద్దాం. కుదరదు. 2024 ఆగస్టు నుంచి అమెరికాలోకి వచ్చే ఏ కుక్కకైనా ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. కాబట్టి ఇక్కడ టీకా వేయించిన కుక్క దిగాక అక్కడ గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించుకోవాలి. రక్తపరీక్ష కాగితం లేకపోతే 28 రోజులు అక్కడే ఉంచేస్తారు. విమానం ఖర్చు వేరే. దానికి తోడు మన దగ్గర అమ్మే లాబ్‌లు చాలావరకు లావుగా, ముద్దుగా ఉండే రకం. వేటకి కావలసినవి సన్నగా, చురుగ్గా ఉండే ఫీల్డ్ లైన్ లాబ్‌లు. చూడ్డానికి రెండూ లాబ్‌లే అయినా చేసే పని వేరు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నా కళ్లకి ముందు పడింది సెట్టర్ కాదు, షార్ట్‌హెయిర్ కాదు, ‘ఆరు నెలలు అక్కడే ఉంటాం’ అన్న మాట. అంటే తెల్లవారుజామునే ఆ కుక్కని తిప్పేది మీరేనన్నమాట! కాన్సస్‌లో ఫెజెంట్, క్వెయిల్ వేట కాలం నవంబరు రెండో శనివారం మొదలై జనవరి 31తో అయిపోతుంది. అదీ వారాంతాల్లోనే కదా మీవాడికి వీలు. మిగతా తొమ్మిది నెలలు అది ఇంటి కుక్క. మనవరాలితో ఆడుతుంది, మీ చేతిలో పట్టీ లాగుతుంది, మీ ఆవిడ పెరుగన్నం పెడితే తింటుంది.

విశాఖలో కూర్చుని నాకు కాన్సస్ ఏం తెలుసనుకునేరు. మా అక్క కొడుకు పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో ఇలాంటి కుక్కనే పెంచుతున్నాడు. ఒక నవంబరులో అక్కడుండి, అతని వెనకాల జొన్న కోసిన మోళ్లలో, మోకాలెత్తు గడ్డిలో నడిచాను. తుపాకీ నేను పట్టలేదు. నా చూపంతా కుక్క మీదే.

జాతి ఎంచేముందు పిట్టని చూడాలి. కాన్సస్‌లో మీవాడికి ముఖ్యంగా దొరికేవి రెండు. ఒకటి ఫెజెంట్. పొడుగు తోక, మెడకి తెల్లపట్టీ ఉన్న అడవి కోడి. దీని పుట్టిల్లు ఆసియా. చైనా నుంచి తెచ్చి 1880ల్లో ఒరెగాన్‌లో వదిలారు, అక్కడ నిలదొక్కుకుంది. ఇది ఎగరడానికన్నా ముందు పరుగెడుతుంది. కుక్క వాసన పట్టి నిలబడేసరికి పిట్ట యాభై గజాలు ముందుకి జారుకుంటుంది. రెండోది బాబ్‌వైట్ క్వెయిల్, మన పూరేడు పిట్టకన్నా కాస్త పెద్దది, గుంపుగా పొదలో ముడుచుకుని కదలకుండా కూర్చుంటుంది. దగ్గరికి వెళ్తే ఒక్కసారిగా అన్ని దిక్కులకీ లేస్తాయి. కొత్తవాడి గుండె జారిపోయేది అప్పుడే.

పిట్టల కుక్కల్లో ముఖ్యంగా రెండు తీరులు. పాయింటర్లు, సెట్టర్లు, బ్రిట్టనీలు పిట్ట వాసన తగలగానే బొమ్మలా నిలబడిపోతాయి. వేటగాడు నడిచి వచ్చి తనే పిట్టని లేపాలి. స్ప్రింగర్ స్పానియల్, లాబ్ లాంటివి తుపాకీకి అందే దూరంలో అటూ ఇటూ తిరుగుతూ తామే పిట్టని లేపుతాయి, పడ్డాక తెచ్చి ఇస్తాయి. కొత్తవాడికి మొదటి తీరు ఎందుకు మేలంటానో చెప్తాను. కాన్సస్‌లో ఫెజెంట్ పుంజునే కాల్చాలి, పెట్టని కాల్చకూడదు. పుంజులైనా రోజుకి నాలుగే. కుక్క నిలబడితే మీవాడికి ఊపిరి తీసుకోవడానికి, మనుషులు, మిగతా కుక్కలు ఎక్కడున్నారో చూసుకోవడానికి, లేచింది పుంజా పెట్టా అని తేల్చుకోవడానికి క్షణం వ్యవధి దొరుకుతుంది. లాబ్ లేపిన పిట్ట చెప్పాపెట్టకుండా లేస్తుంది. పైగా లాబ్‌ని ముప్పై గజాల లోపు తిరిగేలా నేర్పకపోతే, పిట్టలన్నీ అల్లంత దూరంలో లేచి ఎగిరిపోతుంటే నిలబడి చూడాల్సిందే.

అందుకని నా ఓటు బ్రిట్టనీకి. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతం కుక్క. తెలుపు మీద నారింజ లేదా కాఫీ రంగు మచ్చలు, మొండి తోక. బరువు 14 నుంచి 18 కిలోలు. ఈ అంకె మీకోసమే చెప్తున్నా. షార్ట్‌హెయిర్ మగది 25 నుంచి 32 కిలోలు ఉంటుంది, ఉడతని చూసి లాగిందంటే రిటైరైన మనిషి భుజం సంగతి ఏమవుతుందో మీరే ఆలోచించండి. బ్రిట్టనీ సాధారణంగా మనిషికి మరీ దూరం పోదు. క్వెయిల్ మీద బాగా నిలబడుతుంది, ఫెజెంట్ పరుగెడితే తెలివిగా వెంబడిస్తుంది, పిల్లలతో బాగుంటుంది. దీనికున్న చిక్కు, మనసు మెత్తన. గట్టిగా అరిస్తే ముడుచుకుపోతుంది. మీవాడికి కోపం ఎక్కువైతే ముందే చెప్పండి, జాతి మారుద్దాం. కాళ్ల వెనక జుట్టుకి అక్కడి పల్లేరుకాయల్లాంటి ముళ్లు అంటుకుంటాయి. సాయంత్రం దువ్వెనతో కూర్చోవాలి. మీ ఆవిడకి మంచి కాలక్షేపం.

షార్ట్‌హెయిర్ గొప్ప కుక్కే, కాదనను. మీవాడు రోజూ నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తే మనిషైతే అదే కొనమంటాను. లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషైతే ఆ కుక్క సోఫాలు చీల్చేస్తుంది. సెట్టర్ అందగత్తె, మంచి మనసు కూడాను. కానీ నెమ్మదిగా ఎదుగుతుంది, ముళ్ల బాధ బ్రిట్టనీకన్నా రెట్టింపు, మొదటి కుక్కగా వద్దంటాను. కోడలు పట్టుబడితే ఫీల్డ్ లైన్ లాబ్ రెండో ఎంపిక. ఇంట్లో గొడవ పడి కొన్న కుక్క బాగుపడదు. లాబ్ అయితే తల్లిదండ్రులకి తుంటి, మోచేతి ఎక్స్‌రేలతో పాటు ఇఐసి అనే జన్యుపరీక్ష అడగాలి. ఆ లోపం ఉన్న కుక్క బాగా పరుగెత్తాక వెనక కాళ్లు తూలి కూలబడుతుంది.

అసలు జాతి కన్నా ముఖ్యమైనది ఈనిన ఇల్లు. సంబంధం చూసేటప్పుడు మనం ఊరు చూసి ఊరుకోం కదా, అమ్మానాన్నల్ని చూస్తాం. ఇక్కడా అంతే. నార్త్ అమెరికన్ వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్ అని 1969 నుంచి ఉన్న సంఘం ఉంది. అందరూ నావ్డా అంటారు. పదహారు నెలల లోపు కుక్కపిల్లకి సహజ సామర్థ్య పరీక్ష పెడుతుంది. ముక్కు, వెతకడం, నిలబడటం, జాడ పట్టడం, నీళ్లలో దిగడం, మనిషితో కలిసి పనిచేయడం అన్నీ చూసి మార్కులు వేస్తారు, మొత్తం 112కి. పిల్ల తల్లికీ తండ్రికీ ఆ పరీక్ష ఉందా, తుంటి ఎక్స్‌రే ఫలితం ఏమిటి అని అడగమనండి. అడిగితే మొహం చిట్లించే అమ్మకందారు దగ్గర కొనొద్దు. ఆ సంఘం శాఖల్లో కొత్తవాళ్లకి కలిసి శిక్షణ చేసుకునే రోజులుంటాయి. మీవాడు కుక్కని కొనకముందే అక్కడికి వెళ్లి చూస్తే, ఏ జాతి ఎంత దూరం పోతుందో కళ్లతోనే తెలుస్తుంది. ఇంకో మాట, ఏడాదిన్నర వయసుండి కొంత నేర్చిన కుక్క దొరికితే చిన్నపిల్ల కన్నా అదే మేలు. డబ్బు ఎక్కువ పెట్టాలి, కానీ ఇద్దరూ కొత్తవాళ్లయితే ఎవరు ఎవరికి నేర్పుతారు?

తుపాకీ శబ్దం విషయంలో మాత్రం మీవాడికి గట్టిగా చెప్పండి. అలవాటు చేద్దామని పిల్లని షూటింగ్ రేంజికి తీసుకెళ్లకూడదు. భయం పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం. ముందు పిట్టల మీద పిచ్చి పుట్టాలి. అది పావురం వెంట పరుగెడుతున్నప్పుడు, వంద గజాల అవతల నుంచి చిన్న శబ్దం. తోక ఆడుతూనే ఉంటే మరోరోజు కొంచెం దగ్గర్నుంచి. తోక దిగిందా, ఆపెయ్యాలి. రిమోట్ కాలర్, అంటే దూరం నుంచి మీట నొక్కితే కుక్క మెడకి చురుకు తగిలించే పట్టీ, కొనాలని తొందరపడొద్దు, మొదటి ఏడాది పొడవాటి తాడు, ఆగమనే మాట, రమ్మనే మాట చాలు.

నవంబరు మొదటి వారాల్లో కాన్సస్ ఎండ ఒక్కోసారి గట్టిగానే ఉంటుంది. కుక్కకి నీళ్లు మనకన్నా ఎక్కువ మోసుకెళ్లాలి. ఇంటికొచ్చాక కాలి వేళ్ల మధ్య, చెవుల్లో, కంటి రెప్పల కింద గడ్డి ముళ్లు వెతకాలి. చెవిలోకి దూరిన ముల్లు లోపలికే పోతుంది గాని తనంతట బయటికి రాదు.

కాగితాల సంగతి. 1957 జూలై 1న గాని ఆ తరవాత గాని పుట్టినవాళ్లు కాన్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, తరవాతే తుపాకీ. లాయరుతో ఒకసారి మాట్లాడితే మీకూ టెన్షన్ ఉండదు. సొంత పొలం లేదని దిగులొద్దు, ప్రభుత్వం రైతుల నుంచి లీజుకి తీసుకుని వేటగాళ్లకి తెరిచిన పొలాలు అక్కడ బోలెడు. కూర వండేటప్పుడు మాత్రం మాంసంలో మిగిలిన తుపాకీ గుళ్లు ఏరుకోమనండి, పళ్లు జాగ్రత్త.

ప్రశ్న: సార్, నేను మధురవాడలో ఫ్లాట్‌లో ఉంటాను. షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ పిల్లని కొందామనుకుంటున్నా. ఆనందపురం వైపు తోటల్లో కౌజులు చాలా ఉన్నాయని ఫ్రెండ్స్ అన్నారు. తుపాకీ లేదు, కుక్కే పట్టుకుంటే తప్పు లేదు కదా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: తప్పే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. పట్టడం, తరమడం, కుక్కతో వెంటాడించడం, ఉచ్చు వేయడం, చివరికి వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. కౌజుకీ పూరేడుకీ ఆ రక్షణ ఉంది. మామూలు కేసులకే మూడేళ్ల దాకా జైలు. 2022 సవరణతో జరిమానా గరిష్ఠం పాతిక వేల నుంచి లక్షకి పెంచారు. మీ ఇంటికి దగ్గర్లోనే కంబాలకొండ అభయారణ్యం, అక్కడ ఇలాంటి సరదా ఇంకా ప్రమాదం. నా చిన్నప్పుడు వాల్తేరు బంగళాల్లో పాయింటర్లని పెట్టుకుని శికారుకి వెళ్లే దొరల కథలు పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ కాలం పోయింది, పోయి మంచి పనే చేసింది.

ఇంక ఆ కుక్క ఫ్లాట్‌లో ఎందుకు? రోజుకి గంటన్నర విప్పి పరుగెత్తించగలరా? విశాఖలో ఎండ కన్నా ఉక్క చంపుతుంది. కుక్క నోరు తెరిచి రొప్పి ఒంటి వేడి దించుకుంటుంది, గాలిలో తడి ఎక్కువైతే ఆ రొప్పు పనిచేయదు. సూర్యుడు రాకముందే అయిపోవాలి పరుగు. అంత ఓపిక ఉంటే కొనండి, కాని కుక్క ముక్కుకి వేరే పని చూపించండి. గుడ్డ డమ్మీని గడ్డిలో దాచి వెతికించడం, నీళ్లలో విసిరి తెప్పించడం లాంటివి. అది పిట్ట కోసం ఏడవదు, మీతో కలిసి చేసే పని కోసం ఏడుస్తుంది. ఓపిక లేదంటారా, మీ వీధిలో ఉన్న దేశీ పిల్లని తెచ్చుకోండి. మన ఉక్కకి అదే తట్టుకుంటుంది.

ప్రశ్న: మా పాయింటర్ కుక్క రెండు రోజులుగా తిండి తినడం లేదు. ఇవాళ ముక్కులోంచి రక్తం వచ్చింది. ముఖానికి ఏదైనా తగిలి ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, ఇది చదువుతూ కూర్చోకండి. మన ఊళ్లో ముక్కు రక్తం అనగానే నేను ముందు అనుమానించేది గోమార్ల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరాన్ని. చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో చూడండి, చిగుళ్లు పాలిపోయాయేమో చూడండి. కనిపించినా కనిపించకపోయినా ఇవాళే దగ్గరున్న పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చూడమనండి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. మీ అంతట మీరు మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, రక్తస్రావం ఇంకా ఎక్కువవుతుంది.